నూబియా జంతు తాయెత్తును గుర్తుపట్టడం ఎలా

మ్యూజియం అద్దం వెనక వేలెడంత జంతువు బొమ్మ కనిపించగానే "ఆ, ఈజిప్టుదే" అనేసి ముందుకెళ్లిపోకండి. ఇప్పటి దక్షిణ ఈజిప్టు, ఉత్తర సూడాన్‌లలో ఉండిన నూబియా వాళ్లదీ కావొచ్చు.

ముందు తాడు దూర్చే కన్నం ఉందా అని చూడండి, జంతువు సంగతి తర్వాత. కన్నమో కొక్కెమో ఉంటే ఒంటి మీద వేలాడదీసుకున్నది. వెనక చదునుగా, పల్చగా ఉందంటే తాయెత్తు కాకపోవచ్చు. నూబియాలోని పాత రాజ్యం కెర్మాలో మంచాలకు దంతపు జంతువులు పొదిగేవాళ్లు, టోపీలకు అభ్రకం రేకులు జంతువుల ఆకారంలో కోసి కుట్టేవాళ్లు. వీటినీ తాయెత్తులనుకుని పొరబడటం మామూలే.

ఇక ఈగ. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ముడిచిన రెండు రెక్కలు, ఉబ్బిన కళ్లు, తల దగ్గర కొక్కెం. దంతంతోనూ కంచుతోనూ చేసిన ఇలాంటి ఈగలు కెర్మా సమాధుల్లో దొరికాయి (ఆ రాజ్యం కాలం సుమారు క్రీ.పూ. 2500–1500). ఎన్నిసార్లు తోలినా మళ్లీ అక్కడే వచ్చి వాలే పురుగు కదా, అందుకే వెనక్కి తగ్గని సైనికుడికి గుర్తుగా ఇచ్చి ఉంటారని చాలామంది పరిశోధకులు అంటారు. ఈజిప్టు రాణి అహ్హోతెప్ సమాధిలో దొరికిన మూడు బంగారు ఈగల వెనకా ఈ నూబియా అలవాటే ఉందని వాళ్ల ఊహ.

పొట్టేలు తల అయితే కెర్మా తర్వాతి కాలానికి వచ్చినట్టే, అది ఈజిప్టు, నూబియా వాళ్లిద్దరూ కొలిచిన అమున్ దేవుడి గుర్తు. కొమ్ము చెవి చుట్టూ కిందికి వంగి ఉందా, నెత్తిన సూర్యబింబం, పడగెత్తిన పాము ఉన్నాయా చూడండి. తహర్కా (క్రీ.పూ. 690–664) లాంటి కుషు (కెర్మా తర్వాత నూబియాలో వచ్చిన రాజ్యం) రాజుల విగ్రహాల మెడలో తాడుకి ఇలాంటివి మూడు ఉంటాయి, ఒకటి గొంతు దగ్గర, మిగతా రెండు భుజాల మీదుగా ముందుకు వేలాడే కొసల్లో. సింహం తల ఉన్న దేవుడైతే కుషు రాజధాని మెరోయెలో ఉన్న కాలపు అపెడెమాక్ కావొచ్చు, సూడాన్‌లో నాకా అనే చోటున్న గుడి గోడ మీద ఆయన్ని పాము ఒంటితో కూడా చెక్కారు.

నీలం మెరుపు చూసి మాత్రం ఏదీ తేల్చకండి, ఫైయాన్స్ (నీలం మెరుపు పూతతో కాల్చిన పింగాణి లాంటి పదార్థం) ఈజిప్టు, నూబియా రెండు చోట్లా చేసేవాళ్లు. అనుమానం వస్తే లేబుల్లో దొరికిన చోటు చదవండి: కెర్మా, ఎల్-కుర్రు, మెరోయె అని ఉంటే నూబియా నేలలో దొరికిందన్నమాట.