లంబసింగి చలిలో ఎలక్ట్రిక్ కారు బ్యాటరీని ముందే వేడి చేసుకోవడం ఎలా?

అమలాపురంలోనో భీమవరంలోనో ధనుర్మాసపు తెల్లవారుజామున ఎదుటి మనిషి కనిపించనంత మంచు పట్టినా, చలి 17, 18 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఆ మాత్రానికి లిథియం బ్యాటరీకి ఏమీ కాదు. ఇంటి దగ్గర దాన్ని వేడి చేయడానికి ఒక్క యూనిట్ కూడా ఖర్చు పెట్టొద్దు. డెల్టాలో బ్యాటరీని కాపాడుకోవాల్సింది మే నెల ఎండ నుంచి.

ముందుగా వేడి చేసే అవసరం సంక్రాంతి సెలవులకు కారు కొండెక్కినప్పుడు వస్తుంది. కాకినాడ, అన్నవరం, తుని మీదుగా నర్సీపట్నం చేరి, ఘాటెక్కితే లంబసింగి. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున అక్కడ చలి కొన్ని రోజుల్లో 5 డిగ్రీల కిందికి దిగుతుంది, ఒక్కో ఏడాది సున్నా దగ్గరికీ వస్తుంది. మన వాతావరణానికి అలవాటుపడిన కారు యజమానికి అక్కడే మూడు వింతలు ఎదురవుతాయి: ఛార్జింగ్ మందగిస్తుంది, రేంజ్ (ఒక్క ఛార్జ్‌తో వెళ్లగలిగే దూరం) తగ్గుతుంది, ఘాట్ దిగేటప్పుడు రీజెన్ బ్రేకింగ్ (వేగం తగ్గేటప్పుడు మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపే ఏర్పాటు) పట్టదు.

చల్లబడ్డ సెల్‌లో లిథియం అయాన్ల కదలిక నెమ్మదిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. సున్నా కంటే తక్కువలో ఛార్జ్ ఎక్కిస్తే అయాన్లు సెల్‌లో వాటిని దాచుకునే గ్రాఫైట్ లోపలికి వెళ్లలేక, పైనే లోహపు పొరగా పేరుకుంటాయి. ఆ నష్టం తిరిగి రాదు. అందుకే బ్యాటరీని కాపలా కాసే కంప్యూటర్ ముందు జాగ్రత్తగా ఛార్జింగ్‌నూ రీజెన్‌నూ తగ్గిస్తుంది. కొత్త కార్లలో ఎక్కువగా వాడే ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం సెల్స్‌కు ఈ ఇబ్బంది మరికాస్త ఎక్కువ.

మీ కారులో హీటర్ ఉందా?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. మన దేశంలో అమ్మే చాలా కార్లలో బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు ఉంటుంది గాని, వేడి చేసే హీటర్ అన్నిట్లోనూ ఉండదు. యజమాని మాన్యువల్‌లో ‘బ్యాటరీ హీటింగ్’ లేదా ‘ప్రీకండిషనింగ్’ అన్న మాట కోసం వెతకండి. యాప్‌లో ముందే ఏసీ వేసుకునే సదుపాయం ఉంది కదా అనుకోకండి. అది సీట్ల మధ్య గాలిని వెచ్చబరుస్తుంది, కింద ఉన్న బ్యాటరీని కాదు. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే.

ముందురోజు సాయంత్రం

లాడ్జికి చేరిన వెంటనే ఛార్జింగ్ గన్ను పెట్టండి. ఘాటెక్కి వచ్చిన బ్యాటరీ అప్పుడు వెచ్చగా ఉంటుంది, కరెంటును హాయిగా తీసుకుంటుంది. భోజనాలయ్యాక పెడదాంలే అని వదిలేస్తే ఆ వేడంతా వృథా.

ఛార్జింగ్ పరిమితి 80 శాతం దగ్గర పెట్టండి. ఇది చలికి సంబంధం లేని మాటలా అనిపించవచ్చు గాని, ఈ ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యం. 1700 కిలోల కారు 900 మీటర్లు దిగితే అందులో నాలుగు యూనిట్లకు పైగా శక్తి ఉంటుంది. గాలికీ టైర్లకూ పోగా మిగిలినదాన్ని బ్యాటరీలోకి పంపాలంటే లోపల చోటుండాలి, బ్యాటరీ వెచ్చగా ఉండాలి. నూరు శాతం నిండి, పైగా చల్లబడి ఉంటే ఆ భారమంతా బ్రేక్ ప్యాడ్ల మీదే పడుతుంది. నర్సీపట్నం వైపు తిరిగాక కొద్ది దూరంలోనే దిగుడు మొదలవుతుంది కాబట్టి, దారిలో నడిచి వేడెక్కుతుందిలే అన్న ఆశ ఇక్కడ పనికిరాదు. దిగేటప్పుడు మోటారు పెద్దగా కరెంటు లాగదు, బ్యాటరీ వేడెక్కదు.

సాకెట్ 16 ఆంపియర్లదై, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. ఎర్త్ లేకపోతే చాలా ఛార్జర్లు ఎర్ర లైటు చూపించి ఆగిపోతాయి. సన్నవైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. పెట్టిన పావుగంటకు ప్లగ్గు మీద చెయ్యి వేసి చూడండి, చుర్రుమంటే వెంటనే తీసేయండి. కారును ఆరుబయట కాకుండా గోడ చాటున, వీలైతే షెడ్డులో నిలపండి. చలిమంట మాత్రం కారుకు దూరంగా వేసుకోవాలి. బ్యాటరీ వేడెక్కుతుందని కారు కింద నిప్పులు పెట్టడం, వేణ్నీళ్లు పోయడం ప్రాణాల మీదికి తెచ్చుకునే పని.

ఎంతసేపు వేడి చేయాలి?

40 యూనిట్ల బ్యాటరీ సుమారు 300 కిలోలు తూగుతుంది. దాన్ని 10 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి. 3 కిలోవాట్ల హీటర్‌తో అది 20 నిమిషాల పని. అంత బరువున్న ప్యాక్ రాత్రంతా నెమ్మదిగానే చల్లబడుతుంది, బయట 4 డిగ్రీలున్నా అది అంతకంటే వెచ్చగానే ఉంటుంది. కాబట్టి 30 నుంచి 40 నిమిషాలు చాలు. గంటల తరబడి వేడి చేస్తే ఆ వేడి గాలిపాలే.

1. గన్ను తీయకుండా, కారు తెర మీద ‘బయల్దేరే సమయం’ పెట్టండి. ఏడింటికి బయల్దేరాలంటే ఏడు అనే పెట్టండి, ఎప్పుడు మొదలుపెట్టాలో చాలా కార్లు తామే లెక్క వేసుకుంటాయి. ఆ సదుపాయం లేకపోతే 6.20కి మీరే హీటర్ వేయండి.
2. ఫోన్ యాప్‌ను నమ్ముకోవద్దు. ఏజెన్సీలో చాలాచోట్ల సిగ్నల్ అందదు, మీ ఆదేశం కారును చేరదు.
3. బ్యాటరీ హీటర్, క్యాబిన్ హీటర్ ఒకేసారి వేస్తే 5, 6 కిలోవాట్లు అడుగుతాయి. సాకెట్ నుంచి వచ్చేది 3 కిలోవాట్లే, మిగతాది బ్యాటరీలోంచి పోతుంది. ముందు బ్యాటరీని వేడి చేసి, చివరి ఐదు నిమిషాల్లో క్యాబిన్ సంగతి చూడండి.
4. బయల్దేరాక రీజెన్ గుర్తు చూడండి. బూడిద రంగులోనో చుక్కల గీతలతోనో ఉంటే బ్యాటరీ ఇంకా చల్లగా ఉన్నట్టు. వేగం తగ్గించి దిగండి.

మేఘాలు చూడటానికి నాలుగున్నరకు చెరువులవేనం దాకా వెళ్లి రావడానికైతే ఈ హడావుడి అక్కర్లేదు. దగ్గరి దూరానికి వేడి చేసిన ఖర్చు తిరిగి రాదు.

హీటర్ లేని కారైతే

తెల్లవారుజామున ఛార్జింగ్ ముగిసేలా టైమర్ పెడితే బ్యాటరీ వేడెక్కుతుందని చెబుతుంటారు. 7 కిలోవాట్ల ఛార్జర్ మీద కొంత నిజం. 16 ఆంపియర్ల సాకెట్ మీద పుట్టే వేడి నామమాత్రం. అంతకంటే గాలి తగలని చోట నిలపడం, 75 శాతం దగ్గర ఆపడం, ఎండ పొడిచాక ఎనిమిదింటికి దిగడం మేలు.

పని చేయకపోతే

ఛార్జ్ 20 శాతం లోపుంటే చాలా కార్లు వేడి చేయడానికి ఒప్పుకోవు. రాత్రి కరెంటు పోతే కొన్ని కార్లు టైమర్‌ను వదిలేస్తాయి, నిద్రలేచిన వెంటనే ఒకసారి తెర చూడండి. మూడు, నాలుగేళ్లు దాటిన 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా చలికి మొరాయిస్తుంది. అది బలహీనపడితే పెద్ద బ్యాటరీలో ఎంత ఛార్జ్ ఉన్నా కారు మేల్కోదు. ప్రయాణానికి ముందే ఊళ్లో దాన్ని పరీక్ష చేయించండి.

తిరుగుదారిలో ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఆగేట్టయితే, అరగంట ముందే దాన్ని కారు సొంత నావిగేషన్‌లో గమ్యంగా పెట్టండి. ఆ సదుపాయమున్న కార్లు అప్పుడే బ్యాటరీని సిద్ధం చేస్తాయి, ఫోన్‌లోని మ్యాప్ చూసి చేయవు.