ఇంటిల్లిపాదికీ ఒకే వంట చేస్తూ బరువు తగ్గడం ఎలా?

ఇంట్లో ఒకరు బరువు తగ్గాలని నిర్ణయించుకోగానే సాధారణంగా జరిగే మొదటి పని, పొయ్యి మీదకు రెండో గిన్నె ఎక్కడం. మిగిలినవారికి వంకాయ కూర, ఆయనకో ఆమెకో ఉడకబెట్టిన క్యారెట్టు. మిగిలినవారికి అన్నం, ఆ ఒక్కరికి ఓట్స్ జావ. చెన్నైకి వచ్చిన కొత్తలో నేనూ అలాగే మొదలుపెట్టి, నాలుగో రోజు రాత్రి అందరూ పడుకున్నాక ఆవకాయ జాడీ మూత తీసి, గిన్నెలో మిగిలిన అన్నం కలుపుకుని వంటింట్లో నిలబడే తినేశాను. మరునాడు ఖాళీ గిన్నె చూసిన మా అత్తగారు, "పత్యం పది రోజులు చేస్తాం గానీ పదేళ్ళు చేస్తామా?" అని మాత్రం అని ఊరుకున్నారు. ఆమె మాట నిజమే కనుక, ఈ వ్యాసంలో చెప్పే పద్ధతిలో వేరే వంట ఉండదు. అందరికీ వండే కూర, పప్పు, చారులోనే నూనె కొలత, బియ్యం కొలత, కంచంలో వడ్డించుకునే వరుస మారతాయి.

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త అవసరం. మధుమేహానికి మందులు లేదా ఇన్సులిన్ వాడుతున్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుణ్ణి అడగకుండా ఆహారం తగ్గించకూడదు. మిగిలినవారు వారానికి అర కిలో తగ్గితే చాలు. రోజూ తినేదానిలో సుమారు 500 కేలరీలు తగ్గితే దాదాపు అంతే తగ్గుతారు. ఆ 500 కేలరీలు ఎక్కడ దొరుకుతాయన్నదే వంటింటి ప్రశ్న.

మొదటి అడుగు: నూనెను డబ్బాలోంచి సీసాలోకి దించండి

ఒక గ్రాము పిండిపదార్థంలో గానీ మాంసకృత్తుల్లో గానీ 4 కేలరీలు ఉంటే, ఒక గ్రాము కొవ్వులో 9 ఉంటాయి. ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్ల నూనె సుమారు 40 కేలరీలు. ఒక టేబుల్ స్పూను, అంటే 15 మిల్లీలీటర్లు సుమారు 120. చెక్కు గానుగలో ఆడించిన నువ్వుల నూనె అయినా, వేరుశనగ నూనె అయినా, పొద్దుతిరుగుడు నూనె అయినా ఈ లెక్క మారదు. ఇక్కడి వీధుల్లో చెక్కు నూనె అంగళ్ళు ఎక్కువయ్యాక, అది "ఆరోగ్యానికి మంచిది" కనుక మరో గరిటె పోసుకోవచ్చుననే భావన కూడా పెరిగింది. రుచికి ఆ నూనె బాగుంటుందన్నది ఒప్పుకోవలసిందే గానీ, కొవ్వుగా చూస్తే అది మిగతా నూనెల వంటిదే.

ఒకసారి ఈ పరీక్ష చేసి చూడండి. మీరు రోజూ బీన్స్ కూరకు డబ్బా వంచి పోసేంత నూనెనే, చేతి అలవాటు మార్చకుండా, బాణలిలోకి బదులు కొలగ్లాసులోకి పోయండి. నేను పోసినప్పుడు అది 45 మిల్లీలీటర్లు వచ్చింది. రెండు టీస్పూన్లు పోస్తున్నాననే అంతవరకు నమ్మకం. ఆ ఒక్క కూరలోనే మూడు వందల అరవై కేలరీల నూనె ఉంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు సూచిస్తాయి. (ఆ సంస్థ 1918లో మన నీలగిరుల కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదు చేరింది.) బరువు తగ్గదలచినవారు రోజుకు మూడు టీస్పూన్లతో సరిపెట్టుకోవచ్చు. అంటే నెలకు మనిషికి సుమారు అర లీటరు, నలుగురున్న ఇంటికి రెండు లీటర్లు. నెల మొదటి తేదీన ఆ రెండు లీటర్లను వేరుగా పెట్టి, రోజువారీ వాడకానికి సన్న మూతి గల చిన్న సీసాలో నింపుకుంటే, ఇరవయ్యో తేదీకే నూనె అయిపోతోందా లేదా అన్నది ఏ లెక్కల పుస్తకమూ లేకుండా తెలిసిపోతుంది. సీసా పక్కనే కొలత చెంచాల జత ఉంచండి. ఇంట్లో ఉన్న చెంచాలు ఒకటి నాలుగు మిల్లీలీటర్లు పడితే మరొకటి ఎనిమిది పడుతుంది కనుక వాటిని నమ్మకూడదు.

రెండో అడుగు: పోపు గరిటె మార్చండి

వెడల్పు బాణలిలో ఒక టీస్పూను నూనె పోస్తే అది అడుగంతా పరుచుకుని, ఆవాలు మునగక, చిటపటలాడకుండానే మాడిపోతాయి. అప్పుడు మనం మరో గరిటె పోస్తాం. అందువల్ల పోపుకు అరచేతి గుంటంత లోతైన చిన్న ఇనుప పోపు గరిటె కొనుక్కోండి. దాన్ని సెగ మీద కాస్త వంచి పట్టుకుంటే ఒక టీస్పూను నూనె ఒక మూలకు చేరుతుంది; ఆవాలు అందులో పూర్తిగా మునిగి, క్షణాల్లో పేలుతాయి. వెంటనే జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ వేసి, సెగ ఆపి, ఆ వేడికే కరివేపాకు వేయండి. ఉడికిన కూర మీద ఈ పోపు చివరిలో వేస్తే వాసన పైనే నిలుస్తుంది. మొదట్లోనే వేస్తే ఆ వాసన సగం వంటింటికే పోతుంది.

ఉల్లిపాయలు వేయించేటప్పుడు చిటికెడు ఉప్పు ముందే వేసి మూత పెడితే అవి తమ నీరు తామే వదులుతాయి. అడుగంటుతున్నప్పుడు నూనెకు బదులు ఒక్కో చెంచా నీళ్ళు చల్లి అట్లకాడతో గీకితే ఎర్రబడతాయి కూడా. కొంచెం ఎక్కువ సేపు నిలబడాలి, అంతే.

మూడో అడుగు: నూనె తాగే కూరగాయలను ముందు ఆవిరికి పెట్టండి

వంకాయ కండ స్పాంజిలా ఉంటుంది. పచ్చిగా నూనెలో పడితే పోసినంతా పీల్చుకుంటుంది. ముందుగా ఆవిరి మీద ఉడికితే లోపలి గాలి గదులు కుంగిపోయి, తర్వాత అంత నూనె పీల్చదు. గుత్తివంకాయ మానుకోమని ఏ తెలుగు ఇంట్లో చెప్పినా ఆ సలహా చెల్లదు కనుక, దాన్నే ఎలా చేయాలో వివరంగా చెబుతాను.

నలుగురికి ఎనిమిది చిన్న వంకాయలు తీసుకుని, తొడిమ ఉంచి, నాలుగు పక్షాలుగా చీల్చి, ఉప్పు నీటిలో వేయండి. రెండు టేబుల్ స్పూన్ల పల్లీలు, ఒక టీస్పూను నువ్వులు, ధనియాలు, జీలకర్ర, ఎండుమిర్చి నూనె లేకుండా దోరగా వేయించి, ఒక పచ్చి ఉల్లిపాయ, కాస్త చింతపండు, ఉప్పు కలిపి గట్టిగా రుబ్బండి. ఈ ముద్దను కాయల్లో కూరి, ఇడ్లీ పాత్రలో ఆరేడు నిమిషాలు ఆవిరికి పెట్టండి. కాయ రంగు మారి, నొక్కితే కొంచెం దిగితే చాలు. మిగిలిన ముద్దను వృథా చేయకండి. ఇప్పుడు మందపాటి అడుగున్న గిన్నెలో నాలుగు టీస్పూన్ల నూనె కాచి, ఆవాలు, కరివేపాకు వేసి, మిగిలిన ముద్దను అందులో పచ్చి వాసన పోయేదాకా వేయించి, కాయలను ఒక్కొక్కటిగా పేర్చండి. అర గ్లాసు నీళ్ళు పోసి, గిన్నె మీద గుంట కంచం మూతగా పెట్టి, ఆ కంచంలో కూడా నీళ్ళు పోయండి. మన పెద్దవాళ్ళు చేసేది ఇదే. కంచం చల్లగా ఉండటం వల్ల లోపలి ఆవిరి దాని అడుగున చెమ్మగా పట్టి, బొట్లు బొట్లుగా మళ్ళీ కూరలోకే జారుతుంది, కనుక అడుగంటదు. సన్న సెగ మీద పది నిమిషాల్లో కూర సిద్ధమవుతుంది. ఇదే కూరకు మామూలుగా ఏడు టేబుల్ స్పూన్ల నూనె పోసేవారున్నారు; అంటే నూనె నుంచే 840 కేలరీలు, మనిషికి 210. ఇక్కడ మనిషి వంతుకు వచ్చేది 40.

దొండకాయ, అరటికాయ వేపుళ్ళకు కూడా ముందు ఆవిరి, తర్వాత రెండు మూడు టీస్పూన్ల నూనె అనే వరుసే పనిచేస్తుంది. బెండకాయకు మాత్రం ఇది పనికిరాదు, జిగురు కట్టి ముద్దవుతుంది. దాన్ని కడిగి, తుడిచి, ఆరాకే తరిగి, మూత లేకుండా వెడల్పు పెనం మీద వేయించి, చివరిలో ఉప్పు వేయాలి.

అంగట్లో ఏమి కొనాలన్నది చెన్నైలో పెద్ద సమస్య కాదు, పేర్లు తెలిస్తే చాలు. ముళైక్కీరై మన తోటకూర జాతిదే, పొన్నాంకణ్ణి అంటే పొన్నగంటి, మురుంగైక్కీరై అంటే మునగాకు, కొత్తవరంగాయ్ అంటే గోరుచిక్కుడు, వాళత్తండు అంటే అరటిదూట. మనం బెంగళూరు వంకాయ అనే కాయను ఇక్కడ చౌచౌ అంటారు. నీరు ఎక్కువగా ఉండే సొర, బీర, పొట్ల, చౌచౌ కాయలు పెసరపప్పుతో కలిపి వండితే కంచం నిండుతుంది, కేలరీలు నిండవు.

నాలుగో అడుగు: అన్నం ఎన్నిసార్లు వడ్డించుకుంటున్నారో చూడండి

మన భోజనం పద్ధతిలో ప్రతి ఆధరువూ అన్నాన్ని వెంటబెట్టుకునే వస్తుంది. పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి వడ్డించుకుంటాం. ప్రతిసారీ "కొంచెమే" అనుకున్నా నాలుగు కొంచేలు కలిస్తే గిన్నె ఖాళీ అవుతుంది. రైస్ కుక్కరుతో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది. అందులో సుమారు 150 గ్రాముల బియ్యం, దాదాపు 525 కేలరీలు పడతాయి. బరువు తగ్గదలచినవారికి పూటకు 60 గ్రాముల బియ్యం చాలు. వండితే అది దాదాపు 170 గ్రాముల అన్నం, 210 కేలరీలు. పొన్నియైనా, సోనామసూరియైనా, ఉప్పుడు బియ్యమైనా లెక్కలో పెద్ద తేడా లేదు. కొర్రలు, సామలు కూడా బియ్యంతో దాదాపు సమానమే. వాటిలో పీచు ఎక్కువ కనుక ఆకలి నిదానిస్తుందన్నది వాస్తవం గానీ, కొర్రన్నం ఎంతైనా తినవచ్చనుకోవడం పొరపాటు.

అందువల్ల మీ వంతు అన్నాన్ని ముందే వేరు గిన్నెలో తీసి పెట్టుకోండి. మొదట కూరను అన్నం లేకుండా, కంచంలో సగం వచ్చేలా వడ్డించుకుని తినండి. అందుకే పై పద్ధతిలో ఉప్పు, కారం కాస్త తగ్గించి వండాలి. తర్వాత పప్పుతో అన్నంలో మూడింట రెండు వంతులు, చివర పెరుగుతో మిగిలిన వంతు తినండి. చారును గ్లాసులో పోసుకుని తాగండి. ఇంట్లో మిగిలినవారు ఎప్పటిలాగే తినవచ్చు, గిన్నెలు అవే.

పప్పు మాత్రం తగ్గించకూడదు. పూటకు మనిషికి 30 గ్రాముల పచ్చి కందిపప్పు వేస్తే సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి, ఒక గుడ్డులో ఉన్నంత. తోటకూరో, పాలకూరో పప్పుకు రెట్టింపు వేయండి. నెయ్యి ఒక టీస్పూను వేసుకోవచ్చు, కానీ అది ఆ రోజు మూడు టీస్పూన్లలో ఒకటి.

పెరుగు విషయంలో పాల పొట్లం రంగు చూడాలి. ఇక్కడి సహకార డెయిరీ ఆవిన్ వారి నీలం పొట్లం టోన్డ్ పాలు, 3 శాతం కొవ్వు; ఆకుపచ్చది 4.5 శాతం, నారింజ రంగుది 6 శాతం. ఇంట్లో కాఫీకి నారింజ పొట్లమే వస్తుంటే, తోడు పెట్టడానికి నీలం పొట్లం విడిగా తెప్పించుకోవచ్చు. చెన్నై ఎండల్లో పెరుగన్నం కంటె అల్లం, కరివేపాకు దంచి వేసిన పల్చని మజ్జిగ ఎలాగూ హాయిగా ఉంటుంది.

ఐదో అడుగు: టిఫిను, సాయంత్రం, కాఫీ

ఇడ్లీ ఆవిరి వంట కనుక దానితో ఇబ్బంది లేదు. పక్కన వచ్చే కొబ్బరి చట్నీ, కారప్పొడి మీద పోసే నూనె కొలిచి చూసుకోవాలి. 100 గ్రాముల పచ్చి కొబ్బరిలో 350కి పైగా కేలరీలు ఉంటాయి. బీరపొట్టు పచ్చడి, టమాటా కొత్తిమీర పచ్చడి వంతులు వేసుకుని చేయండి. దోసె కావాలంటే పాత ఇనుప పెనం మీద, సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో అద్ది రుద్ది పోయండి.

సాయంత్రం ఆకలి వేళ వీధి చివర బజ్జీల మూకుడు పిలుస్తుంది. దానికి ఇంట్లో జవాబు గుగ్గిళ్ళు: రాత్రే నానబెట్టిన శనగలు ఉడికించి, పోపు గరిటెలో ఒక టీస్పూను నూనెతో పోపు వేసి, పచ్చి మామిడి ముక్కలు కలపడమే. మెరీనా ఒడ్డున సుండల్ పేరుతో అమ్మేది దాదాపు ఇదే. ఫిల్టర్ కాఫీ రోజుకు మూడుసార్లు, రెండేసి చెంచాల పంచదారతో తాగేవారికి పంచదార నుంచే సుమారు వంద కేలరీలు వస్తాయి. బెల్లం వేసినా అంతే. నెలకు అర చెంచా చొప్పున తగ్గించుకుంటే నాలుక గొడవ చేయదు.

ఆరో అడుగు: తూచుకోండి, కానీ రోజూ వద్దు

వారానికి ఒకసారి, ఒకే రోజున, ఉదయం ఏమీ తినకముందు తూచుకోండి. ముందు రాత్రి ఆవకాయ, అప్పడాలు తింటే మరునాటికి ముల్లు ముప్పావు కిలో పైకి జరగవచ్చు. అది ఉప్పు పట్టి ఉంచిన నీరు, కొవ్వు కాదు. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను, మించకూడదన్న సూచన ఊరగాయలకూ వర్తిస్తుంది. నెలకు ఒకసారి నడుము చుట్టుకొలత కూడా టేపుతో చూడండి. మన దేశంలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలంటారు. మూడు వారాలు బరువు కదలకపోతే మళ్ళీ కొలగ్లాసు తీయండి, సాధారణంగా చేయి మళ్ళీ పాత అలవాటుకు పోయి ఉంటుంది.

పండుగనాడు బూరెలు, గారెలు మానవలసిన పని లేదు. వాటికి కావలసిన నూనె నెల సీసాలోంచి తీయకుండా విడిగా కొనండి. మూకుడులో మిగిలిన నూనెను వడగట్టి, మళ్ళీ వేపుళ్ళకు కాచకుండా, ఒకటి రెండు రోజుల్లో పోపులకు వాడి ముగించండి. ఆ రెండు రోజులు నెల సీసా మూత తీయకండి.