బీరువాలోంచి తాడు మీదికి

బడిలో పిల్లలు కథల పుస్తకాలు చదవడం లేదంటే ముందు ఆ పుస్తకాలున్న బీరువా తాళం తీయండి. కిటికీ ఊచ నుంచి గోడ మేకు దాకా నైలాన్ తాడు లాగి కట్టి, మూడడుగుల ఎత్తులో, అట్ట కనబడేలా 20 పుస్తకాలు క్లిప్పులతో వేలాడదీయండి. 16–24 పేజీలవైతే మంచిది. బరువైతే తాడు సాగి అన్నీ మధ్యకు జారతాయి. పక్షానికోసారి పుస్తకాలు మార్చండి. ఐదో తరగతి పిల్ల బొమ్మల పుస్తకం తీసినా వద్దనకండి. చదివిన ప్రతిదానికీ ప్రశ్నలడిగితే మళ్లీ తాడు దగ్గరికి రాదు. ఇంటికి తీసుకెళ్లేటప్పుడు పేరు, పుస్తకం నంబరు, తేదీ పిల్లలచేతే రిజిస్టర్లో రాయించండి. చిరిగితే తిట్టొద్దు, ఆ భయంతోనే చాలామంది పుస్తకం ముట్టుకోరు.

కొత్తపట్నం, ముత్తుకూరు లాంటి తీరపు ఊళ్లలో అక్టోబరు–డిసెంబరు వానలకు పుస్తకాలు బూజు పడతాయి. బీరువాను గోడకు నాలుగంగుళాల ఎడంగా జరపండి. తెరిపిచ్చిన రోజు నీడలో, గాలికి ఆరబెట్టండి.