లాటిన్ స్వబోధిని, 7వ పాఠం: గొడ్లను తోలుకుపోయేవాడు

పోయిన పాఠం చివర అబాక్తొర్ (పశువుల దొంగ) అనే మాటకు షష్ఠి అడిగితే చాలామంది ‘అబాక్తోరీ’ అని రాశారు. రెండో వర్గం మాట దొమినుస్ (యజమాని)కు షష్ఠి దొమినీ కదా, ఇక్కడా అంతేనని అనుకున్నారు. ఇది తేలకుండా ముందుకు పోలేం.

అగో అంటే తోలుతాను. ముందు అబ్ చేరితే అబిగో, తోలుకుపోతాను. ఆ క్రియ నుంచి వచ్చిందే అబాక్తొర్. ఇది మూడో వర్గం మాట. ఇక్కడ షష్ఠికి -ఇస్, చతుర్థికి -ఈ. బొవేస్ అబాక్తోరిస్ అంటే దొంగవాడి గొడ్లు. అబాక్తోరీ అన్నారంటే ‘దొంగకు’ అన్నట్టు.

ప్రథమ, షష్ఠి, చతుర్థి, ద్వితీయ, పంచమి వరుసలో ఏకవచనం: అబాక్తొర్, అబాక్తోరిస్, అబాక్తోరీ, అబాక్తోరెమ్, పంచమికి అబాక్తోరె. బహువచనం: అబాక్తోరేస్, అబాక్తోరుమ్, అబాక్తోరిబుస్, మళ్లీ అబాక్తోరేస్, మళ్లీ అబాక్తోరిబుస్.

ఇక ఒ, ఓ సంగతి. ప్రథమ ఏకవచనంలో హ్రస్వం, మిగతా అన్నిటిలో దీర్ఘం. ఇల్లు అన్నా, ‘కి’ చేరితే ఇంటికి అంటాం. ప్రథమను చూసి ‘ఇంటి’ని ఊహించలేం. ఇక్కడా అంతే: షష్ఠిలోంచి -ఇస్ తీసేస్తేనే ప్రాతిపదిక అబాక్తోర్- చేతికొస్తుంది. దీర్ఘం పోతే ఊనిక కూడా తప్పుతుంది. అబాక్తోరిస్‌లో ఊనిక ‘తో’ మీద. అర్బొర్ (చెట్టు) మాత్రం అర్బొరిస్, అంతటా హ్రస్వమే, ఊనిక ‘అర్’ మీద. రోమన్ లిపిలో పైన గీత పెడితే గాని ఈ తేడా కనిపించదు, చాలా పుస్తకాలు ఆ గీత పెట్టవు. తెలుగు లిపిలో అది అక్షరంలోనే ఉంది. అందుకే నోటుపుస్తకంలో ప్రతి రూపాన్నీ మొదట తెలుగులో రాయండి. ‘ట’ కాదు, ‘త’ రాయండి. లాటిన్ తకారం దంత్యమే.

రోమన్ న్యాయగ్రంథం డైజెస్ట్ (క్రీ.శ. 533) పశువుల దొంగకు వాడే మాట అబిగెఉస్. ఇది దొమినుస్ వర్గమే. 47వ పుస్తకంలో 14వ శీర్షిక ‘దే అబిగెఈస్’. మామూలు దొంగ ఫూర్. గొర్రెలైతే ఎన్ని తోలుకుపోయాడన్నదాన్ని బట్టి ఫూరో అబిగెఉసో తేలుతుందని అందులో కల్లిస్త్రాతుస్ అనే న్యాయవేత్త అంటాడు. కొందరి లెక్కలో పది గొర్రెలుంటే మంద. పందులు నాలుగైదు చాలు. గుర్రమో ఎద్దో అయితే ఒక్కటే చాలు. తప్పిపోయి తిరిగే ఎద్దును పట్టుకుపోయినవాడు మాత్రం ఫూరే అని మరో న్యాయవేత్త ఉల్పియానుస్ మాట.

అభ్యాసం: పాస్తొర్ (కాపరి) రూపాలు పదీ చూడకుండా రాయండి. తర్వాత ‘పాస్తొర్ అబాక్తోరెమ్ విదెత్’ (కాపరి దొంగను చూస్తున్నాడు) వాక్యాన్ని బహువచనంలోకి మార్చండి. క్రియ విదెంత్ అవుతుంది. ఇప్పుడు ఎవరు ఎవరిని చూస్తున్నారో రూపాలను బట్టి చెప్పగలరా? ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి.