సమ్మర్ క్యాంప్‌ల ఇంగ్లీష్ టీచర్ అని బయటి దేశం పోతున్నరా, ముందు వీసా చూడుండ్రి

మొన్న మా వాడకట్టుల అమ్మాయి వాపస్ వచ్చింది. థాయ్‌లాండ్‌ల చిన్నపిల్లల సమ్మర్ క్యాంప్, ఇంగ్లీష్ చెప్పుడు, రెండు నెలలు అని పోయింది, బ్యాంకాక్ ఎయిర్‌పోర్ట్‌ల బ్యాగ్ తెరిస్తే ఫ్లాష్ కార్డులు, ఆఫర్ లెటర్ బయటపడ్డయ్, నువ్వు టూరిస్టువా టీచరువా అని అడిగిండ్రట, ఏం చెప్తది పాపం, తెల్లారి ఫ్లైట్‌కు ఎక్కించి పంపిండ్రు. వాళ్ల నాయన వరంగల్ ఎనుమాముల మార్కెట్ల మిర్చి అమ్మిన పైసలు ఏజెంట్ చేతుల పోసిండు.

గదే నయం అనుకోవాలె. 2025 మార్చిల మయన్మార్‌ల బలవంతంగ ఆన్‌లైన్ మోసాలు చేయించే అడ్డాల నుంచి 500 మందికి పైన మనోళ్లను ఎయిర్‌ఫోర్స్ విమానాలల్ల తెచ్చిండ్రు, అండ్ల తెలంగాణ పోరగాళ్లు గూడ ఉన్నరు. అసొంటోళ్లకు మస్తు మందికి ముందు చెప్పింది థాయ్‌లాండ్‌ల మంచి జాబ్ అనే.

బట్టలు, మందులు, ఆవకాయ సంగతి మీకే తెలుసు. నేను చెప్పేది ఒక్కటే, విజిట్ వీసా మీద పనికి పోవద్దు.

రెండు నెలలే కదా, టూరిస్ట్ లెక్క పోయి అక్కడ మార్పించుకోవచ్చు అంటడు ఏజెంట్. ఇదే మాట జగిత్యాల, సిరిసిల్ల దిక్కు దుబాయ్ పోయేటోళ్లకు ఎన్నేండ్ల సంది చెప్తున్నరో, ఖల్లివెల్లి (సరైన వీసా, కాగితాలు లేకుండ దాక్కోని ఉండుడు) అయినోళ్ల ఇండ్లల్ల అడుగుండ్రి. వాళ్లకు చదువు లేక మోసపోయిండ్రు అంటం, మనం కాకతీయ యూనివర్సిటీల ఎంఏ ఇంగ్లీష్ చేసి గదే గుంతల పడుతున్నం. ఇంగ్లీష్ చెప్పనీకి పోయేటోళ్లు వీసా మీద ఉన్న ఇంగ్లీష్ చదవరు!

థాయ్‌లాండ్‌ల ఏబీసీడీలు నేర్పినా, ఆటలు ఆడిపిచ్చినా అది పనే. నాన్ ఇమిగ్రెంట్ బీ అనే పని వీసా, దాని మీద వర్క్ పర్మిట్, రెండూ కావాలె. టూరిస్ట్ లెక్క రానిస్తరు కదా అంటే అది తిరగనీకి. చైనాకైతే జెడ్ అనే పని వీసా, అది గూడ ఇంగ్లీష్ టీచర్ అంటే మామూలుగ ఇంగ్లీష్ సొంత భాష ఉన్న దేశాలోళ్లనే తీసుకుంటరు, ఇండియన్స్‌కు ఓకే, తొందరగ పైసలు కట్టు అంటే అక్కడనే అనుమానం రావాలె. విజిట్ మీద ఉంటే జీతం ఇయ్యకున్నా అడగలేరు, ఎందుకంటే ముందు దొరికేది మీరే. క్యాంప్‌ల పిల్లగాడు పడి చెయ్యి విరిగినా పోలీసోళ్లు ఫస్ట్ అడిగేది మీ పర్మిటే.

ఏజెంట్ పేరు కేంద్ర సర్కార్ ఈమైగ్రేట్ సైట్‌ల ఉందో లేదో చూడుండ్రి. రిజిస్టర్ అయినోడు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకన్న ఎక్కువ తీసుకోవద్దు. లక్షలు అడిగితే లేచి రాండ్రి. బయటి దేశాల ఉద్యోగాలకు పంపే మన తెలంగాణ సర్కార్ సంస్థ టామ్‌కామ్ ఉంది, అక్కడ గూడ అడగొచ్చు.

ఇగ అక్కడికి పోయినంక, పిల్లల మీద చెయ్యి లేపొద్దు. చెవి మెలిపెట్టుడు, గోడకుర్చీ ఏయించుడు మన ప్రైవేట్ బడుల్ల నడుస్తది (2009 విద్యాహక్కు చట్టం ఇక్కడ గూడ వద్దనే అన్నది, ఎవరు ఇంటున్నరు), అక్కడ పోలీస్ దాక పోతది.

ఒక్క పిల్లతోని తలుపేసిన రూంల ఉండొద్దు.

పిల్లల ఫొటోలు స్టేటస్ పెట్టొద్దు.

ఇంటి నుంచి తెచ్చిన పల్లిపట్టీ, నువ్వుల ముద్దలు పంచొద్దు, పల్లి అలర్జీ ఉన్న పిల్లకు నిమిషాలల్ల ఊపిరి ఆగుతది.

స్విమ్మింగ్ పూల్ కాడ ఫోన్ చూడొద్దు. నీళ్లల్లకు దిగేటప్పుడు తలకాయలు లెక్కపెట్టుండ్రి, ఎక్కినంక మల్ల లెక్కపెట్టుండ్రి.

పాస్‌పోర్ట్ ఎవ్వనికీ ఇయ్యొద్దు, క్యాంప్ మేనేజర్‌కు గూడ. అది భారత ప్రభుత్వానిది, జిరాక్స్ ఇయ్యుండ్రి చాలు.

క్యాంప్ జాగ మారింది, కారు పంపుతున్నం అంటే ఎక్కొద్దు. ఎయిర్‌పోర్ట్‌లనే కూసోని ఎంబసీకి ఫోన్ చెయ్యుండ్రి.

మల్ల చెప్తున్న, విజిట్ వీసా మీద పోవద్దు. టికెట్ కొన్నంక ఈ సంగతి తెలిసినా సరే, క్యాన్సల్ చెయ్యుండ్రి, పైసలు పోతే పోనియ్యుండ్రి.