మౌంటెన్ శాండ్‌మ్యాన్ సీతాకోకచిలుకను గుర్తించే విధానం

సహారాకు దక్షిణాన ఆఫ్రికాలో విస్తారంగా కనిపించే చిన్న స్కిప్పర్ (గెంతుతున్నట్టు వేగంగా ఎగిరే సీతాకోకచిలుకల కుటుంబం) జాతి మౌంటెన్ శాండ్‌మ్యాన్. 1764లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ వర్ణించిన దీని శాస్త్రీయ నామం స్పియాలియా స్పియో. చాచిన రెక్కల వెడల్పు రెండున్నర సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. నలుపు కలిసిన గోధుమ రంగు రెక్కల మీద తెల్లని మచ్చలు, అంచుల్లో నలుపు తెలుపు గళ్ల కుచ్చులు ఉంటాయి. స్పియాలియా ప్రజాతి (దగ్గరి జాతుల సముదాయం)లోని చాలా జాతులకు ఇదే వేషం కాబట్టి, పైభాగం ఒక్కటే చూసి పేరు నిర్ణయించవద్దు.

దక్షిణాఫ్రికాలో ఇది ఏడాది పొడవునా ఎగిరినా, ఆగస్టు నుంచి ఏప్రిల్ వరకు ఎక్కువగా కనిపిస్తుంది. ఎండ బాగా కాసే వేళ గడ్డి నేలల్లో, కాలిబాటల పక్కన మట్టి కనబడే చోట్ల, గుట్టల శిఖరాల మీద వెతకండి. మగవి తమ హద్దుగా ఎంచుకున్న చోట కూర్చుని, దగ్గరికి వచ్చిన ప్రతి కీటకాన్నీ తరిమి, తరచు అదే రాయి మీదికో పుల్ల మీదికో తిరిగి వస్తాయి. నేలకు దగ్గరగా, చాలా వేగంగా ఎగిరే ఈ పురుగును వెంబడిస్తే ఫలితం ఉండదు. అది లేచిన చోటికి కొద్ది దూరంలో, మీ నీడ దాని మీద పడకుండా కూర్చుని వేచి ఉండటమే నా దృష్టిలో సరైన పద్ధతి.

ఎండలో రెక్కలు పరచి కూర్చున్నప్పుడు పైనుంచి ఒక ఫోటో తీయండి. అసలు ఆధారం వెనుక రెక్క అడుగు భాగంలో ఉంటుంది: అక్కడి తెల్లని మచ్చలు, పట్టీల ఆకారం, అవి ఎక్కడ తెగాయో ఎక్కడ కలిశాయో పోల్చి చూసి దగ్గరి జాతులను వేరు చేస్తారు. అందుకే మబ్బు పట్టినప్పుడో, పువ్వు మీద తేనె తాగుతున్నప్పుడో అది రెక్కలు పైకి ముడిచే క్షణం కోసం ఓపిక పట్టి, పక్కనుంచి మరో ఫోటో తీసుకోవాలి. అప్పటికీ సందేహం మిగిలితే జాతి పేరు రాయకుండా స్పియాలియా అని మాత్రమే నమోదు చేయడం నిజాయితీ.

పరిసరాల్లోని మొక్కలను కూడా గమనించండి. దీని గొంగళిపురుగులు హెర్మన్నియా, మందార, పావోనియా వంటి మందార కుటుంబపు మొక్కలను తింటాయి. పట్టుదారంతో ఆకులను కలిపి కట్టుకున్న గూడు కనిపిస్తే దాన్ని విప్పవద్దు. ఆ గూడే వాటికి రక్షణ. తేదీ, స్థలం, మొక్క పేరు రాసుకుని, రెండు ఫోటోలనూ కలిపి ఒకే నమోదుగా భద్రపరచండి.