నీళ్ల జాలీ మూసుకుపోయి బోటు ఇంజన్ వేడెక్కితే లోపం పట్టుకోవడం ఎలా?

వానాకాలంలో ఒడిశాలోని ఋషికుల్య నది మొగ దగ్గర ఏటి నీళ్లతో పాటు నాచు, కొబ్బరి పీచు, ప్లాస్టిక్ సంచులు అన్నీ సముద్రంలోకి కొట్టుకొస్తాయి. ఓసారి మా చిన్నాన్న బోటు ఆర్యపల్లికి ఎదురుగా ఉండగా ఇంజన్ పొగలు కక్కింది. నీళ్లలోకి దిగి ఉండే ఇంజన్ కాలు పైకెత్తి చూస్తే బియ్యం సంచి ముక్క ఒకటి నీళ్ల జాలీకి అతుక్కుని ఉంది. దాన్ని లాగి పారేసి, "నీళ్లొస్తన్నాయి కదరా, ఇంకేటి?" అని మళ్లీ స్టార్ట్ చేశాడు. పది నిమిషాలు తిరక్కుండానే మళ్లీ వేడి. ఒడ్డుకు ఇంకొకరి బోటు వెనక తాడు కట్టించుకుని వచ్చాం.

తప్పు సంచిది కాదు. సంచి తీసేస్తే పని అయిపోయిందనుకోవడమే తప్పు.

అవుట్‌బోర్డ్ ఇంజన్‌కు, అంటే బోటు వెనక బయట తగిలించే ఇంజన్‌కు, కారులోలా రేడియేటర్ ఉండదు. బోటును తోసే ఫ్యాను దగ్గరి జాలీలోంచి సముద్రపు నీళ్లు లోపలికి వస్తాయి. కాలి లోపల షాఫ్టుతో (ఇరుసుతో) పాటు తిరిగే రబ్బరు ఇంపెల్లర్, అంటే పంపులోని రెక్కల చక్రం, వాటిని పైకి తోస్తుంది. ఆ నీళ్లు సిలిండర్ చుట్టూ తిరిగి బయటికి పోతాయి, కొంత పక్కనున్న చిన్న రంధ్రంలోంచి సన్నని ధారగా చిమ్ముతుంది. ఇంపెల్లర్‌ను చల్లగా, జారుడుగా ఉంచేది కూడా ఆ నీళ్లే. జాలీ మూసుకుంటే అది పొడిగా తిరుగుతుంది, నిమిషం లోపే రెక్కలు కాలిపోవచ్చు. అందుకే నీళ్లు నడిచే దారి వెంటే, కింది నుంచి పైకి వెతకాలి.

సముద్రం మీద ఉండగా

వెంటనే ఇంజన్ ఆపండి. లంగరు వేసి, కిల్ స్విచ్ తాడు (పీకితే ఇంజన్ ఆగిపోయే తాడు) పీకేశాకే ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టండి. కంగారులో వేడి ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరించకండి, సిలిండర్ మీది మూత (హెడ్) వంకర పోవచ్చు. ఓ అరగంట ఆగి, జాలీ శుభ్రం చేసి, స్టార్ట్ చేసి ధార చూడండి. ధార రాకపోతే ముందు ఆ చిన్న రంధ్రంలోకి సన్న తీగ దూర్చండి. ఉప్పో మట్టో అడ్డుపడి ఉంటే అక్కడితో తేలిపోతుంది. అప్పటికీ రాకపోతే ఇంజన్ ఆపేసి తెడ్లు తీయండి, లేదా పక్క బోటును కేకేయండి.

ఒడ్డున

ధార సన్నగా, తెగి తెగి వస్తుంటే అనుమానం ఇంపెల్లర్ మీదే. కాలి కింది భాగం బోల్టులు విప్పి దించి, పంపు మూత తీయండి. రెక్కలు మెత్తగా వంగి మళ్లీ నిలబడాలి. బిరుసెక్కినా, అంచులు పగిలినా, నల్లగా మెరుస్తున్నా మార్చేయాల్సిందే. దాని కింది పళ్లెం మీద గోరుతో రాసి చూడండి. లోతైన గీతలు తగిలితే కొత్త ఇంపెల్లర్ కూడా సరిగ్గా తోయలేదు.

రెక్కలు లెక్కపెట్టడం మాత్రం మరవొద్దు. చిన్నాన్న ఇంపెల్లర్‌కు ఆరింటిలో రెండు లేవు. ఒక ముక్క పంపులోనే దొరికింది, రెండోది పైకెళ్లే గొట్టంలో ఇరుక్కుని ఉంది. దాన్ని వెతక్కుండా బరంపురం నుంచి తెచ్చిన కొత్త ఇంపెల్లర్ బిగించేసి ఉంటే మళ్లీ అదే కథ. గొట్టంలోకి పై నుంచి కిందికి హోస్‌పైపుతో మంచినీళ్లు కొట్టండి, ముక్క వచ్చిన దారినే బయటికి వస్తుంది.

కొత్తది బిగించేటప్పుడు ఇంపెల్లర్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న ఇనప ముక్క (కీ) జారి ఇసుకలో పడిందంటే ఆ రోజు పని అంతే. కింద గుడ్డ పరుచుకోండి. షాఫ్టు మామూలుగా తిరిగే వైపే తిప్పుతూ మూత నొక్కితే రెక్కలన్నీ ఒకే వైపుకు మడుచుకుంటాయి.

ధార బాగానే ఉన్నా ఇంజన్ కాలిపోతోందా? చాలా ఇంజన్లలో ధార చెప్పేది పంపు పనిచేస్తోందని మాత్రమే. అప్పుడు థర్మోస్టాట్ (వేడెక్కితే తెరుచుకుని నీళ్లను వదిలే వాల్వ్) తీసి, దారం కట్టి గిన్నెలో నీళ్లలో వేలాడదీసి పొయ్యి మీద పెట్టండి. చాలావాటిలో 50 నుంచి 60 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవుతుంది. నీళ్లు మరిగినా కదలకపోతే అది ఉప్పు పట్టి బిగుసుకుపోయినట్టే.

ఇవన్నీ సరిగా ఉన్నా వేడి తగ్గకపోతే స్పార్క్ ప్లగ్గులు విప్పండి. ఒకటి మాత్రం తడిగా, లేదా ఆవిరితో కడిగినట్టు తెల్లగా ఉంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు వెళ్తున్నాయి, హెడ్ కింద నీళ్లు కారకుండా ఉంచే గాస్కెట్ పోయి ఉండొచ్చు. ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ ఆయిల్ పాలు కలిసిన టీలా మారినా టెన్షన్ పడాల్సిందే. ఇక సొంతంగా విప్పడం ఆపి మెకానిక్‌ను పిలవండి.

అన్నీ బిగించాక పెద్ద డ్రమ్ములో జాలీ మునిగేలా మంచినీళ్లు పోసి, గేరు వేయకుండా పది నిమిషాలు నడపండి. లోపల మిగిలిన ఉప్పు, ఇసుక కూడా కడుక్కుపోతాయి. ధార కింద చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా తగలాలి. మర్నాడు గోపాల్‌పూర్ ఒడ్డు కనిపించేంత దూరంలోనే ఒక చుట్టు తిరిగి, ఆ తర్వాతే వలలు ఎక్కించండి.